ఛాతీ నొప్పి, సజ్దాలో సడలింపు

ఛాతీలో పోటు రాగానే గుండెపోటని భయపడటం సహజం. ఆ భయం మంచిదే. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమట, ఆయాసం తోడైనా వెంటనే 108ని పిలవాలి. ఇసిజి తీయకుండా ఎవరూ తీర్పు చెప్పరాదు. గుండె క్షేమమని తేలినవారిలో కొందరి నొప్పికి మూలం, పక్కటెముకలను రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి వాపు. వేలితో నొక్కితే అక్కడే కలుక్కుమంటుంది. దగ్గినా, దీర్ఘంగా శ్వాస తీసినా, బరువెత్తినా పెరుగుతుంది. మట్టి తట్టలు మోసే పాలమూరు కూలీ సోదరులకు, నీళ్ల బిందెలెత్తే తల్లులకు ఇది రావచ్చు. నల్లగొండలోనైతే ప్రతి ఎముక నొప్పినీ ఫ్లోరైడుకు అంటగడతారు. ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి మెడను, నడుమును బిగదీసే వ్యాధి. ఇది సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. విశ్రాంతి, వేడి కాపడం, వైద్యుడు సూచించిన నొప్పి మాత్ర చాలు. ఆ మాత్రను పరగడుపున వేసుకోకూడదు. రమజానులో ఇఫ్తార్ భోజనం తర్వాతే. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

సజ్దాలో చేతులపై భారం పడినప్పుడు ఈ బాధ అధికమవుతుంది. పళ్లు బిగించి భరించడమే భక్తి అనుకునేవారున్నారు. మూలవ్యాధితో బాధపడిన హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (స) అనుమతించారని సహీహ్ బుఖారీలో ఉంది. సజ్దా చేయలేనివారు కూర్చుని సైగతో నమాజు చేయవచ్చు. రుకూ కంటే సజ్దాకు కాస్త ఎక్కువగా వంగాలి. నొప్పి తగ్గిననాడు నుదురు మళ్లీ నేలకు ఆనాలి.