తెల్లారి నాలుగింటికి అన్నదాత

ఈటీవీకి 30 ఏళ్లు నిండాయి, ఖతార్ తెలుగువాళ్ల వైపు నుంచి ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారానికల్లా పంపండి అన్నారు సంపాదకులు. సీరియళ్లు రాయాలా, బాలు పాటలా అని ఆలోచిస్తుండగా దోహాలోని అల్ ముంతజాలో, జగిత్యాల వాళ్లు నలుగురు కలిసి ఉంటున్న గదిలో ఓ కాగితం కంటపడింది. టీవీ పక్కన గోడకు అంటించిన నోట్‌బుక్ పేజీ. ఒక వరసలో కార్యక్రమాల పేర్లు, ఎదురుగా ఇక్కడి టైము. మన దేశం కన్నా ఖతార్ గడియారం రెండున్నర గంటలు వెనక. రాత్రి తొమ్మిది గంటల వార్తల ఎదుట 6:30. ‘గురువారం జబర్దస్త్ 7’ అన్న వరస కొట్టేసి ఉంది. అన్నిటికన్నా పైన, ఎర్ర ఇంకుతో కింద రెండు గీతలు గీసి: ‘అన్నదాత 4’.

ఊళ్లో పొద్దున ఆరున్నరకు వచ్చే వ్యవసాయ కార్యక్రమం ఇక్కడ తెల్లవారుజామున నాలుగింటికి. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. అందుకే వేసవిలో చాలా సైట్లలో డ్యూటీ ముందే మొదలవుతుంది. ఆ వేళకు ఈ గదిలో అందరూ లేచే ఉంటారు. ఒకరు టిఫిన్ బాక్సు సర్దుకుంటూ, ఒకరు బూట్లు తొడుక్కుంటూ పసుపులో దుంపకుళ్లు గురించి వింటారు. కార్యక్రమం అవగానే ఇంటికి ఫోను. ‘‘చేన్ల నీళ్లు నిలవనియ్యకు. కాలువ తీపియ్యి, లేకుంటే దుంప కుళ్తది.’’

‘‘బోర్లు ఎండినయి, అప్పయింది, వచ్చినం. భూమి అమ్ముకోలే గద అన్నా!’’ అన్నాడు వాళ్లలో పెద్దాయన.

ప్రకటనల డబ్బు రాత్రి సీరియళ్ల చుట్టూ తిరుగుతుంది. ఆ సంగతి తెలిసీ ఒక ప్రైవేటు ఛానల్ పొద్దున్నే రైతుకు చోటివ్వడం నా దృష్టిలో మిగతా హిట్లన్నిటికన్నా పెద్ద పని. దాని వేరు టీవీలో లేదు, ఈటీవీ వ్యవస్థాపకుడు రామోజీరావు 1969లో మొదలుపెట్టిన ‘అన్నదాత’ మాసపత్రికలో ఉంది.

మిగతా చరిత్ర క్లుప్తంగా: 1977లో హైదరాబాద్ దూరదర్శన్. 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ. 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ‘పాడుతా తీయగా’. ఆపై పోటీకి మా టీవీ, జీ తెలుగు. 2003లో వార్తలకు ఈటీవీ2, 2009లో ‘ఢీ’. 2024 జూన్ 8న రామోజీరావు కన్నుమూశారు.

కొట్టేసిన వరస

‘జబర్దస్త్’ 2013 ఫిబ్రవరి 7న, గురువారం మొదలైంది. చాలా ఏళ్లు గురువారం రాత్రి తొమ్మిదిన్నరకే వచ్చింది. హైదరాబాద్‌లో మర్నాడు ఆఫీసు, బడి. ఖతార్‌లో శుక్రవారం సెలవు కాబట్టి గురువారం సాయంత్రం ఏడింటికి వారాంతం అప్పుడే మొదలవుతుంది. ఆ రోజు నలుగురికీ కలిపి కోడికూర, వంట ఏడుకు ముందే అయిపోవాలని నియమం. ప్రసారం రోజులు మారాక కాగితం మీద గీత పడింది. గురువారం కోడికూర మాత్రం మానలేదు.