చెరువు మట్టిలోని ఇనుము

మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోటల మీదుగా కుప్పమునకు పోవు బాటసారికి దారిపొడవునను విడువక కనబడునవి రెండు: ఎవరో చేతితో పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచిన గుండ్రాళ్ళ కొండలు, వాని పాదమునుండి మొదలై టొమాటో తోటల క్రిందను వేరుసెనగ చేల క్రిందను పఱచుకొనియున్న ఎఱ్ఱనేల. ఆ యెఱుపు మనకు పుట్టిననాటినుండియు పరిచితమగుటచేత అది యెక్కడినుండి వచ్చినదని యడుగుటయే మఱచితిమి. కాని వేసవిలో చెరువు ఎండినపుడు పూడిక త్రవ్వి పొలమునకు మట్టి తోలుకొను సేద్యగాడు ప్రతియేటను ఒక వింతను చూచుచునే యున్నాడు. పైపొర నెఱ్ఱెలు విచ్చి బూడిదవన్నెగా నుండును. మూరెడు లోతు త్రవ్విన కాటుకవంటి నల్లని బురద, దానితో కుళ్ళిన గ్రుడ్డు వాసన. ఆ బురదనే చేనిలో కుప్పగా పోసి నాలుగు దినములు గాలికి వదలిన, నలుపు విఱిగి గోధుమవన్నెయు అంచులందు తుప్పువన్నెయు తేలును. వానకు చేనినుండి కొట్టుకొనిపోయిన ఎఱ్ఱమట్టియే చెరువు గర్భమున నల్లబడినది. గట్టెక్కి గాలి సోకగనే తన పూర్వవర్ణము వైపు మరలినది. ఈ రంగుల రాకపోకలను నడపుచున్నది కొంత రసాయనము, కొంత కంటికి కానరాని ప్రాణికోటి.

ఈ సీమకంతటికిని పునాది గ్రానైటును, దాని జాతికే చెందిన నైసు శిలయును. సుమారు 250 కోట్ల సంవత్సరములును అంతకు మించియు వయస్సుగల ఈ శిలలలో నల్ల అభ్రకము, హార్న్‌బ్లెండు మొదలగు ఖనిజముల నాశ్రయించి ఇనుము నిద్రించుచున్నది. భూమి పైపెంకులో బరువునుబట్టి నూటికి 5 పాళ్ళు ఇనుమే. అది రెండు స్థితులలో నుండును. ఫెర్రస్ స్థితిలో దానియొద్ద ఒక ఎలక్ట్రాను ఎక్కువ. దానిని వేఱొకరి కిచ్చివేసినచో ఫెర్రిక్ స్థితి నొందును. ఇచ్చుటకు ఆక్సీకరణమనియు, పుచ్చుకొనుటకు క్షయకరణమనియు శాస్త్రజ్ఞులు పేరిడిరి. పేరులు గంభీరములైనను విషయము ఇచ్చిపుచ్చుకొనుటయే. ఆ ఒక్క ఎలక్ట్రాను భేదముచేత గుణములు తలక్రిందులగును. ఫెర్రస్ ఇనుము నీటిలో కరగి, రంగు లేక, నీరెక్కడికి పోయిన నక్కడికి పోవును. ఫెర్రిక్ ఇనుము సాధారణ జలములో కరగదు, పొడియై రాలి మట్టిరేణువుల కంటుకొని నిలిచిపోవును. శిల చివికి, లోపలి ఇనుమునకు గాలియు నీరును తగిలి, హెమటైటను ఖనిజముగా మాఱుటచేతనే మన చేలకు ఆ యెఱుపు.

ఇక చెరువు నిండినపుడు ఏమి జరుగునో చూతము. ఏ ప్రాణియైనను ఆహారమును జీర్ణించుకొనుట యనగా అందలి ఎలక్ట్రానులను ఊడదీసి, వానిని వేఱొకదాని కప్పగించి, నడుమ వచ్చు శక్తితో బ్రతుకుట. మనము వానిని ప్రాణవాయువున కప్పగింతుము. మన మూపిరి తీయుట అందులకే. కాని ఆకులు, పేడ, నాచు కుళ్ళుచున్న చెరువు బురదలో ప్రాణవాయువు పైనున్న కొలది మిల్లీమీటర్ల మేరకే దిగి అచటనే ఖర్చగును. అంతకు దిగువనున్న సూక్ష్మజీవులు వేఱు దారులు వెదకికొన్నవి: నైట్రేటు దొరికినంతవఱకు దానికి, అది తీఱిన మాంగనీసునకు, పిమ్మట ఫెర్రిక్ ఇనుమునకు, ఆ తరువాత సల్ఫేటునకు ఎలక్ట్రానుల నొప్పగించి అవి కాలము గడపును, ఇవేవియు మిగులనిచోట తుదకు మీథేను వాయువు బుడగలై పైకి లేచును. ఈ వరుస యాదృచ్ఛికము కాదు. ఎక్కువ శక్తి నిచ్చునది ముందు, తక్కువ నిచ్చునది వెనుక.

ఇనుము వంతు వచ్చునప్పటికి ఒక చిక్కు కలదు, అదియే నాకు ఈ కథలో నెల్ల మిక్కిలి ఆశ్చర్యకరము. ప్రాణవాయువు నీటిలో కరగి కణములోనికి ప్రవేశింపగలదు, తుప్పురేణువు రాయి. రాతిని శ్వాసించుట యెట్లు? అట్టి ప్రాణి యున్నదని నమ్ముటకే శాస్త్రలోకమునకు చాలకాలము పట్టినది. 1987లో డెరెక్ లవ్‌లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పొటోమాక్ నది బురదనుండి తీసిన సూక్ష్మజీవి (నేడు దానికి జియోబాక్టరని పేరు) ఫెర్రిక్ ఇనుముపై బ్రతుకుచున్నదని చూపిరి. మఱుసటియేడు చార్లెస్ మైయర్స్, కెనెత్ నీల్సన్ అనువారు న్యూయార్కు రాష్ట్రమందలి ఒనైడా సరస్సులోని వేఱొక జీవి మాంగనీసును అట్లే శ్వాసించుచున్నదని వెల్లడించిరి. జియోబాక్టరు కణమునుండి సన్నని పోగులు వెలికి సాగి తుప్పురేణువులను తాకి విద్యుత్తును కొనిపోవునని 2005లో తెలిసినది. ఆ పోగులలో ఇనుపగుండె గల సైటోక్రోము ప్రొటీనులు దండలో పూసలవలె కూర్పబడియున్నవని 2019లో రూపించిరి. అనగా ఇనుమును శ్వాసించుటకు ఆ జీవి ఇనుముతోనే తీగ చేసికొన్నది! సరస్సునందలి జీవి దారి వేఱు: అది ఫ్లేవినులను చిన్న అణువులను నీటిలోనికి వదలును, అవి పుట్టివలె ఎలక్ట్రానులను ఈ యొడ్డున నెక్కించుకొని ఆ యొడ్డున దింపి మరల వచ్చును.

ఈ విధముగా తుప్పు కరగి ఎఱుపు మాయమగును. తరువాతి మెట్టున సల్ఫేటును శ్వాసించు జీవులు కుళ్ళు వాసనగల హైడ్రోజను సల్ఫైడును విడుచును. అది కరగిన ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడగును. సేద్యగాని పారకు తగిలిన కాటుక యిదియే. గట్టుపై గాలి తగిలినంతనే ఆ నల్లనిది విచ్ఛిన్నమై ఇనుము మరల తుప్పగును.

చెరువు క్రింది వరికయ్యలో ఈ చక్రమే ప్రతిపంటకును తిరుగుచున్నది. నీరు కట్టిన ఒకటిరెండు దినములలోనే మట్టిలోని ప్రాణవాయువు తీఱిపోవును. కొన్ని వారములలో ఇనుము కరగుట మొదలిడును. ఆరుతడి నేలలో ఫెర్రిక్ ఇనుము భాస్వరమును గట్టిగా పట్టుకొని పైరునకు చిక్కనీయదు. నీరు నిలిపిన కయ్యలో ఇనుము కరగుటతో దాని చెఱనుండి భాస్వరము విడివడి వరికి దక్కును. వరి మాత్రము బురదలో ఊపిరాడక చావక యుండుట యెట్లన, దాని కాడలోను వేరులోను గాలి దిగు గొట్టములవంటి ఖాళీలు కలవు. ఆ గాలి వేరు కొసలనుండి కొంచెము బయటికి ఊరి, చుట్టునున్న కరగిన ఇనుమును అచటనే తుప్పుగా మార్చును. కావుననే నారు పెఱికి కడిగి చూచిన వేళ్ళపై ఎఱ్ఱని పూత కనబడును. వేరునకు విషమగునంత ఇనుము లోనికి పోకుండ ఆ పూత కొంతవఱకు కావలి కాయును.

బోరులలోనిది దీనికి ప్రతికూలమైన వ్యాపారము. లోతైన రాతిపగుళ్ళలో గాలి సోకని నీరు ఫెర్రస్ ఇనుమును కరగించుకొని యుండును. అది గొట్టములోనికి వచ్చి గాలి తగిలినచోట, ఇనుమునుండి ఎలక్ట్రానును గుంజుకొని ఆ శక్తితో బ్రతుకు వేఱొక సూక్ష్మజాతి కాపురముండును. ఇట్టి బ్రతుకొకటి కలదని 1888లో రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గేయ్ వినోగ్రాద్‌స్కీ లెప్టోత్రిక్సు అను ఇనుప సూక్ష్మజీవిని పరిశీలించి ప్రతిపాదించెను. గాలియొనెల్లా అను, పేలికవలె మెలిపడిన తుప్పుకాడను విడుచు జాతియు ఇట్టిదే. మోటారును పైకి తీసినపుడు గొట్టము లోపల జిగటగా పట్టియుండు ఎఱ్ఱని పాచి వీని నివాసమే. అది పెరిగిన జల్లెడరంధ్రములు మూసికొనిపోయి నీరు తగ్గును. భూమిలో నీరే లేదని తలచి రైతు వేఱొక బోరునకు అప్పుచేయుటకు ముందు, పాత గొట్టమును శుభ్రపఱచి చూచుట మేలు.

కుప్పమునకు వచ్చిన, ఇనుము వేఱొక మూర్తితో ఎదురగును. కోలారు బంగారు గనులకు ఆధారమైన నల్లని షిస్టు శిలల పట్టీ, ఉత్తరదక్షిణములుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగి, దక్షిణమున కుప్పము సీమలోనికి వచ్చినది. చిగరగుంట, బిసానత్తము గ్రామములలో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ బంగారమును త్రవ్వినది; 2001లో ఆ సంస్థతోపాటు త్రవ్వకము నిలిచినది. ఈ పట్టీలో బంగారముతో గంధకము కలిసిన ఇనుప ఖనిజములును కలవు. భూగర్భమున గాలి సోకక యున్నంతకాలము అవి నిరపాయములు. పొడిచేసి గుట్టపోసి వానకును గాలికిని విడిచినచో ఇనుమును గంధకమును రెండును ఆక్సీకరణము చెంది గంధకామ్లమును పుట్టించును. ఆమ్లజలములో ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్‌గా మాఱుట గాలియొక్కటే అయినచో మిక్కిలి మందకొడి; కాని సూక్ష్మజీవులు ఆ వేగమును పది లక్షల రెట్లకు మించి హెచ్చించునని 1970లో సింగర్, స్టుమ్ అను రసాయనజ్ఞులు లెక్కగట్టిరి. ఆ జీవిని 1947లోనే కోల్మర్, హింకిల్ అనువారు అమెరికాలోని బొగ్గుగని నీటిలో గుర్తించియుండిరి. గనుల చెంత వాగును చంపు ఆ జీవియే కర్మాగారమున కట్టుదిట్టముగా పెంచిన ఉపకారి యగును: రాతిలో బిగిసిన బంగారమును విడిపించుటకు 1986లో దక్షిణాఫ్రికాలోని ఫెయిర్‌వ్యూ గనిలో దానిని పనిలో పెట్టిరి, మన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య కె. ఎ. నటరాజన్ ఈ విద్యను దీర్ఘకాలము పరిశోధించిరి.

ఇనుమొక్కటే అయిన ఇది కుతూహలమునకు మాత్రమే చాలు విషయము. కాని ఇనుము వెంట ఇతర మూలకములును కదలును. వంగదేశమునను బంగ్లాదేశమునను గొట్టపుబావులలో ఆర్సెనిక్ విషము పుట్టుటకు ప్రధానకారణ మీ చక్రమే: ఒండ్రులోని తుప్పురేణువులకు అంటియున్న ఆర్సెనిక్, సూక్ష్మజీవులు ఆ తుప్పును శ్వాసించి కరగించుటతో ఆశ్రయము కోల్పోయి నీటిలో పడినది. యురేనియము నడక ఇందుకు నేరుగ విరుద్ధము. అది ఆక్సీకరణము చెందినపుడు నీటిలో కరగును. క్షయకరణము చెందినపుడు రాతికి అంటుకొని నిలిచిపోవును. గ్రానైటులో యురేనియము సహజముగానే స్వల్పముగా నుండును. చేలకు వేసిన ఎరువులలోని నైట్రేటు భూగర్భజలమునకు దిగినచో, అది ఆక్సీకరణమును ప్రోత్సహించి యురేనియమును నీటిలోనే నిలుపగలదు. గాలి లేనిచోట ఒకటి కదలును, గాలి యున్నచోట మఱొకటి కదలును; కావున ఒక మూలకము విషయమున క్షేమమైన నీరు మఱొకదాని విషయమునను క్షేమమని తలపరాదు. ఊరి మురుగును చెరువులోనికి వదలినచో జరుగు హానియు ఇచట తెలియవలయును: మురుగనగా సూక్ష్మజీవులకు విందు. విందు పెరిగినకొలది ప్రాణవాయువు త్వరగా తీఱి, బురద మెట్టుమెట్టుగా దిగజాఱి, ఇనుమును మాంగనీసును ఇంకను వాని పట్టులోనున్నవానిని నీటికి విడిచిపెట్టును.

గృహస్థునకు చేతనైన చిన్న పరీక్ష కలదు. బోరునీటిని తెల్లని పాత్రలో పట్టి రాత్రంతయు మూత లేక యుంచుడు. పట్టినపుడు తేటగా నుండి తెల్లవాఱునప్పటికి అడుగున ఎఱ్ఱని మడ్డి దిగినచో అది ఇనుము. చెఱచునది ఎక్కువగా బట్టలను, రుచిని. ఆర్సెనిక్, యురేనియములకు మాత్రము రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటిలో యురేనియమునకు లీటరునకు 30 మైక్రోగ్రాములను హద్దుగా చెప్పినది. అది దాటినదో లేదో ప్రయోగశాలయే చెప్పగలదు. కావున మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో క్రొత్తగా బోరు వేయించుకొను ప్రతి కుటుంబమును, ఆ నీరు త్రాగుటకు ముందు ఒక సీసాడు నీటిని పరీక్షకు పంపవలెనని ప్రార్థించుచున్నాను.