కంప్యూటరులో స్వరలిపి

సంగీతంలోని స్వరాలను, వాటి కాలప్రమాణాలను కంప్యూటరు గ్రహించగల సంఖ్యల రూపంలో నమోదు చేసే పద్ధతిని కంప్యూటరు స్వరలిపి అనవచ్చును. ఇది ధ్వనిముద్రణ కాదు. ధ్వనిముద్రణలో గాలిలోని కంపనం యథాతథంగా నిలుస్తుంది. స్వరలిపిలో "ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు" అనే మూడు ప్రశ్నలకు సమాధానాలు మాత్రమే ఉంటాయి. కాగితం మీద వ్రాసిన స్వరసాహిత్యానికీ, కంప్యూటరు దత్తాంశానికీ మూలసూత్రం ఒకటే.

మదనపల్లె ఉదాహరణ

చెవితో విన్న పాటను గుర్తులలోనికి మార్చిన ప్రసిద్ధ ఘట్టం ఒకటి రాయలసీమలో జరిగినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆనాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు వచ్చి, 1915లో స్థాపించబడిన బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని రోజులు బస చేశాడు. అప్పుడు కళాశాల ప్రిన్సిపాలు ఐర్లండు దేశీయుడైన కవి జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతంలో పట్టభద్రురాలు. ఠాగూర్ అక్కడ "జనగణమన" గీతాన్ని పాడి వినిపించగా, ఆమె దాని వరుసను పాశ్చాత్య స్వరలిపిలో నమోదు చేసింది. ఆ గీతానికి ఠాగూర్ చేసిన ఆంగ్లానువాదం "ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా" కూడా 1919 ఫిబ్రవరి 28న మదనపల్లెలోనే పూర్తయినది.

ఈ గీతం మొదట 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలలో పాడబడినది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ దీనిని జాతీయగీతంగా స్వీకరించినది. ఐదు గీతల మీద వ్రాసిన వరుసను, ఆ భాష తెలియనివారు కూడా చదివి వాయించగలరు. పాట పాడినవారి గొంతు నుండి విడివడి, గుర్తుల రూపంలో మరొకరిని చేరగలగడమే స్వరలిపి ప్రయోజనం. కంప్యూటరు చేసేదీ ఇదే పని, అయితే దానికి గుర్తులకు బదులు సంఖ్యలు కావలెను.

స్వరస్థానం సంఖ్యగా

కర్ణాటక సంగీతంలో సప్తస్వరాలు 12 స్థానాలలో పలుకుతాయి. షడ్జమానికి 0 అని సంఖ్య ఇచ్చినచో మిగిలినవి ఈ విధంగా వస్తాయి.

0 – షడ్జమం
1 – శుద్ధ రిషభం
2 – చతుశ్రుతి రిషభం లేక శుద్ధ గాంధారం
3 – షట్‌శ్రుతి రిషభం లేక సాధారణ గాంధారం
4 – అంతర గాంధారం
5 – శుద్ధ మధ్యమం
6 – ప్రతి మధ్యమం
7 – పంచమం
8 – శుద్ధ ధైవతం
9 – చతుశ్రుతి ధైవతం లేక శుద్ధ నిషాదం
10 – షట్‌శ్రుతి ధైవతం లేక కైశికి నిషాదం
11 – కాకలి నిషాదం

తారస్థాయి షడ్జమం 12 అవుతుంది. స్థాయి పెరిగినప్పుడు 12 కలుపుతారు, తగ్గినప్పుడు 12 తీసివేస్తారు.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పేర్లు 16, సంఖ్యలు 12. కనుక 2 అనే సంఖ్యను మాత్రమే దాచినచో, అది రిషభమో గాంధారమో తరువాత చెప్పడానికి వీలు కాదు. హార్మోనియం మెట్టుకు ఆ భేదం అవసరం లేదు గాని, రాగలక్షణం తెలియవలసినవారికి అవసరం. అందుచేత మంచి దత్తాంశ నిర్మాణంలో సంఖ్యతో పాటు స్వరం పేరును కూడా ఉంచుతారు.

ఆధార షడ్జమం

కర్ణాటక సంగీతంలో షడ్జమానికి నియతమైన కంపన సంఖ్య లేదు. గాయకుడు తన గొంతుకు అనువైన శ్రుతిని ఎంచుకుంటాడు. 1983లో వెలువడిన మిడి ప్రమాణంలో మాత్రం ప్రతి మెట్టుకూ 0 నుండి 127 వరకు స్థిరమైన సంఖ్య ఉన్నది. పియానో నడిమి భాగంలోని సి మెట్టు సంఖ్య 60. సెకనుకు 440 కంపనాలు గల ఎ మెట్టు సంఖ్య 69. సంఖ్య ఒకటి పెరిగిన ప్రతిసారీ కంపన సంఖ్య సుమారు 1.0595 రెట్లు అవుతుంది. 12 మెట్లు పెరిగినచో సరిగా రెట్టింపు అవుతుంది.

మోహన రాగపు ఆరోహణను ఉదాహరణగా తీసుకొనవచ్చును. సాపేక్ష సంఖ్యలలో అది 0, 2, 4, 7, 9, 12. మదనపల్లెలో ఒకరు 60ని షడ్జమంగా పెట్టుకొని పాడితే మిడి సంఖ్యలు 60, 62, 64, 67, 69, 72 అవుతాయి. పుంగనూరులో మరొకరు 55ను షడ్జమంగా పెట్టుకొని పాడితే 55, 57, 59, 62, 64, 67 అవుతాయి. 62 అనే సంఖ్య మొదటివారికి రిషభం, రెండవవారికి పంచమం. కేవలం మిడి సంఖ్యలను పోల్చే ప్రోగ్రాము ఈ రెండింటినీ వేర్వేరు వరుసలుగా భావిస్తుంది. ఆధార షడ్జమాన్ని విడిగా నమోదు చేసి, స్వరాలను దాని నుండి లెక్కించినచో రెండూ ఒకటే మోహనం అని తెలుస్తుంది.

కాలప్రమాణం

కాలాన్ని సెకన్లలో నమోదు చేయడం సులభంగా కనబడుతుంది గాని, అది తాళానికి సరిపడదు. పాటను కొంచెం వేగంగా పాడినచో సెకన్లన్నీ మారిపోతాయి. అందుచేత స్వరాల నిడివిని అక్షరకాలంలోని భాగాలుగా నమోదు చేసి, వేగాన్ని వేరొక సంఖ్యగా ఉంచుతారు. జాతీయగీతం పూర్తి పాఠాన్ని పాడడానికి నిర్ణయించిన కాలం సుమారు 52 సెకన్లు. కంప్యూటరులో నమోదైన వరుస నిమిషానికి 60 అక్షరాల వేగంతో 60 సెకన్లు పట్టినదనుకొనినచో, స్వరాలను ముట్టుకొనకుండా వేగాన్ని సుమారు 69కి పెంచితే 52 సెకన్లలో ముగుస్తుంది.

అక్షరాన్ని ఎన్ని భాగాలు చేయవలెననేది తరువాతి ప్రశ్న. ఈ అతి చిన్న భాగాన్ని టిక్కు అంటారు. కంప్యూటరు సంగీతంలో అక్షరానికి 480 టిక్కులు వాడడం పరిపాటి. ఇది చతురస్ర గతికి (4), తిస్ర గతికి (3), ఖండ గతికి (5) సరిపోతుంది. భాగహారంలో 120, 160, 96 వస్తాయి. మిశ్ర గతిలో అక్షరానికి 7 స్వరాలు. 480ని 7తో భాగించినచో శేషం మిగులుతుంది. ఒక్కొక్క స్వరానికి 68 టిక్కులు ఇచ్చినచో ఏడు స్వరాలకు 476 మాత్రమే అవుతాయి. అనగా ప్రతి అక్షరానికి 4 టిక్కులు తరుగు. ఆదితాళానికి 8 అక్షరాలు కనుక ఒక ఆవర్తానికి 32 టిక్కుల తరుగు వస్తుంది. 15 ఆవర్తాలు గడిచేసరికి తరుగు 480 టిక్కులకు చేరి, పాట తాళం కంటె సరిగ్గా ఒక అక్షరం ముందుకు పోతుంది. మొదటి ఆవర్తంలో చెవికి పట్టని లోపం చివరికి తాళాన్నే తప్పిస్తుంది.

దీనికి పరిష్కారం పాఠశాల గణితంలోని కనిష్ఠ సామాన్య గుణిజం. తిస్ర, చతురస్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ గతులకు 3, 4, 5, 7, 9 అంకెలు. వీటి క.సా.గు. 1260. అక్షరానికి 1260 టిక్కులు పెట్టినచో ఐదు గతులలోనూ శేషం ఉండదు. భాగాలు వరుసగా 420, 315, 252, 180, 140. మిడి ఫైలులో ఈ విలువ 32,767 వరకు ఉండవచ్చును కాబట్టి 1260 వాడడానికి అడ్డు లేదు.

ఒక చిన్న ఉదాహరణ

తెలుగు స్వరసాహిత్యంలో హ్రస్వ స్వరం ఒక మాత్ర, దీర్ఘ స్వరం రెండు మాత్రలు. స్వరం తరువాత కామా ఒక మాత్రను, సెమీకోలన్ రెండు మాత్రలను పొడిగిస్తాయి. చతురస్ర గతిలో "స రి గా ప ద సా" అనే రెండక్షరాల స్వరవరుసను 1260 టిక్కుల పద్ధతిలో ఈ విధంగా నమోదు చేయవచ్చును. చివరి షడ్జమం తారస్థాయిది.

స – సంఖ్య 0, ఆరంభం 0, నిడివి 315
రి – సంఖ్య 2, ఆరంభం 315, నిడివి 315
గా – సంఖ్య 4, ఆరంభం 630, నిడివి 630
ప – సంఖ్య 7, ఆరంభం 1260, నిడివి 315
ద – సంఖ్య 9, ఆరంభం 1575, నిడివి 315
సా – సంఖ్య 12, ఆరంభం 1890, నిడివి 630

పంచమం సరిగా 1260 వద్ద, అనగా రెండవ అక్షరం మీద పడినది. మొత్తం 2520 వద్ద ముగిసినది. ఆరంభాన్ని ఈ విధంగా మొదటి నుండి లెక్కించవచ్చును, లేదా ముందటి ఘటన తరువాత ఎంత కాలానికి అని లెక్కించవచ్చును. మిడి ఫైలు రెండవ పద్ధతిని అనుసరిస్తుంది. మొదటి పద్ధతిలో ఒక స్వరాన్ని వెదకడం సులభం. రెండవ పద్ధతిలో మధ్యలో ఒక ఘటనను చేర్చినచో దాని తరువాతి ఘటన వ్యవధిని సవరిస్తే చాలును, మిగిలినవి వాటంతటవే సర్దుకుంటాయి.

ఈ పద్ధతిలో స్థలం ఎంతో ఆదా అవుతుంది. స్వరానికి 8 బైట్ల చొప్పున 200 స్వరాల పాటకు 1600 బైట్లు చాలును. 52 సెకన్ల పాటను సీడీ నాణ్యతతో ముద్రించినచో 91 లక్షల బైట్లకు పైగా పడుతుంది.

లిపి భేదం

కుప్పం ప్రాంతం తెలుగు, తమిళ, కన్నడ భాషలు కలిసే చోటు. 1997లో స్థాపించబడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడనే ఉన్నది. ఒకే కీర్తనకు ఈ మూడు లిపులలోనూ స్వరసాహిత్య గ్రంథాలు లభిస్తాయి. యూనికోడులో తెలుగు "స" అక్షరం సంఖ్య 3128, కన్నడ "స" సంఖ్య 3256, తమిళ "స" సంఖ్య 3000. పాడేవారికి మూడూ ఒకే షడ్జమం, కంప్యూటరుకు మాత్రం మూడు వేర్వేరు అక్షరాలు. అందుచేత స్వరాన్ని అక్షరంగా గాక సంఖ్యగా దాచి, చూపేటప్పుడు మాత్రమే చదువరికి కావలసిన లిపిలోనికి మార్చడం ఉత్తమం.

గమకం

ఇంతవరకు చెప్పినది మెట్ల వలె నిలకడగా ఉన్న స్వరాలకు వర్తిస్తుంది. తోడి రాగంలోని గాంధారం ఒకచోట నిలువదు, ఊగుతూ పలుకుతుంది. దానికి 3 అని ఒక సంఖ్య వేసి ఊరుకున్నచో తోడి వినబడదు. మిడిలో దీనికై స్వరాన్ని వంచే సందేశం ఉన్నది. దాని విలువ 0 నుండి 16,383 వరకు, మధ్యబిందువు 8192. సాధారణంగా ఇది స్వరాన్ని రెండు మెట్లు పైకి, రెండు మెట్లు క్రిందికి జరుపగలదు. అయితే ఇది ఒక మార్గంలోని స్వరాలన్నింటినీ కలిపి వంచుతుంది. 2020లో వచ్చిన మిడి 2.0లో ఒక్కొక్క స్వరాన్ని విడిగా వంచే వీలు కలిగినది.

మరొక పద్ధతి, సెకనులో నూరవ వంతుకు ఒకసారి స్వరస్థానాన్ని కొలిచి వ్రాయడం. 52 సెకన్ల పాటకు 5200 సంఖ్యలు వస్తాయి. ఇది పాడినవారి గమకాన్ని పట్టుకుంటుంది గాని, అది ఏ గమకమో చెప్పదు.

ఈ సమస్య కంప్యూటరుతో పుట్టినది కాదు. 1893లో చిన్నస్వామి ముదలియార్ మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రచురించాడు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క గుర్తు కేటాయించబడినది. స్వరం ఒక వరుసలో, గమకం దానికి చేర్చిన గుర్తుగా ఉంచిన ఆ ఏర్పాటు నేటి దత్తాంశ నిర్మాణానికి కూడా అనుసరణీయం.

సంక్షిప్త చరిత్ర

1951లో ఆస్ట్రేలియాలో సి.ఎస్.ఐ.ఆర్.ఎ.సి. అనే కంప్యూటరు పాటల వరుసలు వాయించినది. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ మ్యూజిక్ అనే ప్రోగ్రామును రచించాడు. 1983లో మిడి, 2004లో ముద్రిత స్వరలిపిని కంప్యూటర్ల మధ్య మార్చుకొనుటకు మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ వెలువడినవి.

నమోదు ఆవశ్యకత

రాజంపేట సమీపంలోని తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనలు వేల సంఖ్యలో తిరుమలలోని రాగిరేకుల మీద నిలిచినవి. రేకుల మీద సాహిత్యమూ, రాగం పేరూ ఉన్నవి, స్వరాలు లేవు. ఫలితంగా పదాలు అక్షరం పొల్లుపోకుండా దక్కినా, ఆయన పాడిన వరుసలు దక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన విద్వాంసులు 20వ శతాబ్దంలో వాటికి కొత్తగా వరుసలు కూర్చవలసి వచ్చినది. కంప్యూటరు పరిభాషలో చెప్పవలెనంటే, ఫైలు శీర్షిక మిగిలి, లోపలి దత్తాంశం పోయినది.

కనుక ఒక పాటను కంప్యూటరులో నమోదు చేసేవారు రాగం, తాళం పేర్లతో సరిపెట్టుకొనరాదు. ఆధార షడ్జమం, స్వరం పేరు, స్థాయి, ఆరంభం, నిడివి, వేగం, గమకం అనే ఏడింటినీ విడివిడిగా నమోదు చేసి, వీలైనచో ధ్వనిముద్రణను కూడా జతపరచవలెను. ఏ అంశాన్ని వదలివేస్తే, తరువాతి తరం ఆ అంశాన్ని ఊహించుకొనవలసి ఉంటుంది.