నీటిని దాచుకొను మొక్కలు: రణపాల, జేడ్ మొక్కల పెంపకము

పంచాయతీ కార్యాలయము ముందును, పాఠశాల వసారాలోను నాలుగు కుండీలలో పచ్చని మొక్కలున్నచో ఆ చోటికి శోభ కలుగును. కాని వేసవిలో త్రాగునీటికే ఇబ్బందిపడు గ్రామములలో పూలమొక్కలకు దినదినము నీరు పోయుట కష్టము. అట్టి చోట్లకు తగినవి, ఆకులలోను కాండములలోను నీటిని నిలువ చేసికొను దళసరి మొక్కలు. మన పెరళ్లలోని కలబంద, రణపాల ఇట్టివే. దక్షిణాఫ్రికాలో పుట్టి, నేడు మన పట్టణములలోని నర్సరీలలో దొరకుచున్న జేడ్ మొక్కయు ఇట్టిదే. రణపాల, జేడ్ ఒకే కుటుంబమునకు చెందినవి.

సాధారణముగా మొక్కలు పగటివేళ ఆకులలోని సూక్ష్మరంధ్రములను తెరచియుంచును. అప్పుడు వానినుండి నీరు ఆవిరియై పోవును. రణపాల వంటి మొక్కలు ఎండవేళ ఆ రంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనమున తెరచును. రాత్రి గ్రహించిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపమున దాచుకొని, పగటి వెలుతురులో దానితో ఆహారము తయారు చేసికొనును. అందుచేతనే రణపాల ఆకు ఉదయము పుల్లగాను, మధ్యాహ్నమునకు చప్పగాను ఉండును. 19వ శతాబ్ది తొలినాళ్లలో ఈ సంగతిని గమనించి లండనులోని శాస్త్రజ్ఞులకు తెలిపిన బెంజమిన్ హేన్, అంతకుముందు మన సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటలో పనిచేసినవాడు.

దీనినిబట్టి పెంపకములో మొదటి సూత్రము తెలియుచున్నది. ఈ మొక్కలు నీరు చాలక చచ్చుట అరుదు. నీరు ఎక్కువై, వేళ్లు కుళ్లి చచ్చుటయే తరచు.

కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. ఎఱ్ఱమట్టి, ముతక ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు సమభాగములుగా కలిపి నింపవలెను. ఒట్టి నల్లరేగడి పనికిరాదు. వ్రేలు గ్రుచ్చి చూచి, మట్టి లోపల కూడ ఆరిన తరువాతనే నీరు పోయవలెను. ఆకులు ముడుతలు పడినచో మొక్కకు దాహమైనదనియు, పసుపువన్నెకు తిరిగి మెత్తబడినచో నీరెక్కువైనదనియు గ్రహింపవలెను. వానకాలమున కుండీలను చూరు క్రిందికి చేర్చవలెను. జేడ్ మొక్కకు ఉదయపు ఎండ మంచిది. మన వేసవి మధ్యాహ్నపు ఎండనుండి నీడ కల్పింపవలెను. తెల్లని దూదివలె పిండినల్లి పట్టినచో, సబ్బునీటిలో వేపనూనె కొద్దిగా కలిపి గుడ్డతో తుడువవలెను.

క్రొత్త మొక్కలకై ధనము వెచ్చింపనక్కరలేదు. జేడ్ కొమ్మను త్రుంచి, గాయము మానువరకు నాలుగైదు దినములు నీడను ఆరనిచ్చి నాటిన వేరు తొడుగును. రణపాల ఆకును తడిమట్టిపై పరచిన చాలును, దాని అంచుల నొక్కులనుండియే పిలకలు పుట్టును.

ఈ గుణమే పంచాయతీ సభ్యులు జాగరూకులై ఉండుటకు కారణము. రణపాలయందు పశువుల గుండెకు హాని చేయు విషపదార్థములు కలవు. ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కలను మేసి పశువులు మరణించినవి. ఆకు పడిన చోటనే ఇది మొలచును గనుక, కత్తిరించిన కొమ్మలను, రాలిన ఆకులను చెత్తకుప్పపైన గాని, పశువులు మేయు బీటిలో గాని పారవేయరాదు. గోతిలో వేసి లోతుగా పూడ్చవలెను. కుండీలను పశువులకు, మేకలకు అందని ఎత్తున ఉంచవలెను.

కుండీల సంరక్షణను ఒకరికే అప్పగించి, ఈ రెండు సంగతులను వారికి ముందుగా తెలిపినచో, నీటి ఎద్దడిగల గ్రామము కూడ వేసవియందు పచ్చదనమును అనుభవింపగలదు. పశువులకును కీడు కలుగదు.