గుర్రానికి కళ్లెం, ఎద్దుకు ముకుతాడు: పదార్థ ప్రాధాన్యం

గుర్రం నోటిలో ముందుపళ్లకూ దవడపళ్లకూ నడుమ పళ్లులేని చోటు ఉంటుంది. కళ్లెపు కడ్డీ ఆనేది అక్కడే. అచ్చట ఎముకను కప్పిన చిగురు మిక్కిలి పలుచన. అందువల్ల తుప్పుపట్టి గరుకుబారిన ఇనుము పుండు చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు నునుపు చెడక నిలుస్తుంది. రబ్బరు మెత్తనిదే అయినా నోరు ఎండినప్పుడు ఒరుసుకుంటుంది. కొరికితే అంచులు లేస్తాయి.

కోడేరు పరిసరాల మెట్టచేలలో పత్తి సాళ్ల మధ్య గుంటుక లాగే ఎద్దుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ముకుతాడు మృదులాస్థిని తాకక, దాని ముందున్న మెత్తని భాగం గుండా పోవాలి. సన్నని నైలాను తాడు చాలాకాలం మన్నుతుంది కాని లాగినకొద్దీ కోస్తుంది. నూలుతాడు మెత్తన, అయితే తేమను, మురికిని పట్టి గట్టిపడుతుంది. కనుక తరచు ఉతకాలి, మార్చాలి. పుండును ఉపేక్షిస్తే పురుగులు పడతాయి.

నొప్పిగల పశువు తల విదిలిస్తుంది. దానిని మొండితనంగా భావించి మరింత లాగితే పుండు పెరుగుతుంది. మేలైన పదార్థం కూడా మొరటు చేతిలో శిక్షే అవుతుంది. గాయపరిచే ముళ్లు, బొడిపెలు గల కళ్లెం, కాడి మున్నగువాటిని లాగుడు, మోత పశువులపై క్రూరత్వ నివారణ నియమాలు 1965లోనే నిషేధించాయి. క్షేత్రసందర్శనకు వెళ్లే విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు పైరుతోపాటు ఎద్దు ముక్కునూ పరిశీలించడం అవసరం.