అసైన్‌మెంట్ ఏఐ రాస్తే.. పరీక్ష ఎవరు రాస్తారు?

మొన్న మా చెల్లి ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. "భాయ్, జీఎస్టీ అసైన్‌మెంట్ అయిపోయింది, ఒకసారి చూడు" అంది. ఐదు పేజీలు. ఇంగ్లిష్‌లో ఒక్క తప్పు లేదు. కానీ రెండో పేజీలోనే దొరికిపోయింది. జీఎస్టీలో 5, 12, 18, 28 శాతం అని నాలుగు ప్రధాన శ్లాబులు ఉన్నాయని రాసి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ లెక్క మారిపోయింది. 12, 28 శాతంలో ఉన్న వస్తువుల్లో చాలావరకు 5, 18 శాతంలోకి వచ్చాయి. లగ్జరీ సరుకులకు 40 శాతం పెట్టారు.

"ఇది నువ్వే రాశావా?" అని అడిగితే నవ్వి ఊరుకుంది. ఏఐ రాసింది, తను కాపీ చేసింది. చదవను కూడా లేదు.

ఇప్పుడు డిగ్రీ కాలేజీల్లో ఇది మామూలు విషయం అయిపోయింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి అందరి ఫోన్లలో ఒక 'ట్యూషన్ సార్' ఉన్నాడు. ఆ సార్‌తో ఎలా చదువుకోవాలన్నదే అసలు ప్రశ్న.

ఏఐ ఎందుకు తప్పు చెబుతుంది?

చాట్‌జీపీటీ, జెమినీ లాంటివి కోట్ల పేజీలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ జవాబు కడతాయి. వాటి శిక్షణ ఒక తేదీ దగ్గర ఆగిపోతుంది. ఇంటర్నెట్‌లో వెతికి చెప్పమని అడగకపోతే పాత సంగతినే ధీమాగా చెప్పేస్తాయి. పన్నులు, కంపెనీ చట్టం లాంటి మారే సబ్జెక్టుల్లో ఇది ప్రమాదం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం. అందులో 'అసెస్‌మెంట్ ఇయర్' అన్న మాటే పోయి 'ట్యాక్స్ ఇయర్' వచ్చింది. పాత జవాబు రాస్తే మార్కులు పోతాయి. రేపు ఆడిటర్ ఆఫీసులో అదే తప్పు చేస్తే ఉద్యోగమే పోవచ్చు.

జవాబు వేరు, నేర్చుకోవడం వేరు

టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులపై ఒక పరిశోధన జరిగింది. లెక్కల ప్రాక్టీస్‌లో మామూలు ఏఐ వాడిన పిల్లలు, వాడని పిల్లల కంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెడితే 17 శాతం వెనకబడ్డారు. మరో గుంపుకి నేరుగా జవాబు ఇవ్వకుండా, టీచర్లు తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చే ఏఐ ఇచ్చారు. వాళ్లకు ఆ నష్టం దాదాపు జరగలేదు. వాళ్లు స్కూల్ పిల్లలే అయినా పాఠం కాలేజీకీ వర్తిస్తుంది. ఏఐని జవాబు అడిగితే నష్టం, దారి అడిగితే లాభం.

ఉర్దూ మీడియం వాళ్లకు మేలు

ఇంటర్ దాకా ఉర్దూలో చదివి ఇంగ్లిష్ మీడియం డిగ్రీలో చేరిన పిల్లల కష్టం మనకు తెలుసు. 'ఫర్సూదగీ' అని నేర్చుకున్నదే 'డిప్రిసియేషన్' అని అర్థం కావడానికే నెల పడుతుంది. క్లాసులో లేచి అడగాలంటే సిగ్గు. అలాంటి వాళ్లు రాత్రి పదింటికి కూడా "ఇది ఉర్దూలో చెప్పు, కిరాణా దుకాణం ఉదాహరణతో చెప్పు" అని ఏఐని అడగొచ్చు. పదిసార్లు అడిగినా విసుక్కోదు. తెలుగు మీడియం వాళ్లకూ అంతే. కామర్స్ వాళ్ల కోసం ఐఐటీ మద్రాస్ 'ఏఐ ఇన్ అకౌంటింగ్' కోర్సు కూడా స్వయం ప్లస్ పోర్టల్‌లో ఉంది.

పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను నమ్మొచ్చా?

కొందరు లెక్చరర్లు ఏఐ రాతను పట్టుకునే టూల్స్ వాడుతున్నారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు టూల్స్‌తో పరీక్షించారు. సగటున 61 శాతం వ్యాసాలను అవి ఏఐ రాసినవిగా తప్పుగా తేల్చాయి. ఓపెన్‌ఏఐ కూడా తన సొంత టూల్‌ను సరిగ్గా పనిచేయట్లేదని అదే ఏడాది జూలైలో వెనక్కి తీసుకుంది. అంటే సొంతంగా, సాదా ఇంగ్లిష్‌లో కష్టపడి రాసిన మన పిల్లలే దొంగలుగా ముద్ర పడొచ్చు. టూల్ చెప్పిందని ఎవరినీ శిక్షించకూడదు.

మరేం చేయాలి?

నిషేధం పెడితే దాచి వాడతారు. అసైన్‌మెంట్ తీరు మార్చడమే మేలు. రాసి తెచ్చినదానిపై రెండు నిమిషాలు నోటితో అడగండి. "మీ గల్లీలోని ఒక షాపు బిల్లు తెచ్చి, అందులో జీఎస్టీ లెక్క చెప్పండి" అనండి. ఏఐ ఇచ్చిన జవాబే చేతిలో పెట్టి, అందులో తప్పులు పట్టమనండి. ఏఐ వాడితే ఎక్కడ వాడారో రాయమనండి, రాసినందుకు మార్కులు కోయకండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలు రాసింది పుస్తకం మూసి చెప్పమని అడగండి. చెప్పగలిగితే చాలు, ఏఐ వాడినా నష్టం లేదు.

మా చెల్లి ఆ ఐదు పేజీలు పక్కన పెట్టేసింది. జీఎస్టీ కౌన్సిల్ ప్రకటన చూసి, మా మామూ షాపు బిల్లులతో రెండు పేజీలు రాసింది. ఇంగ్లిష్‌లో తప్పులున్నాయి. కానీ ఏది అడిగినా చెబుతోంది.