హైదరాబాద్ హాఫ్‌బ్యాక్: అపోహలు – వాస్తవాలు

సాయంత్రమైతే హైదరాబాద్ బల్కంపేట గల్లీల్లో బ్యాటూ బంతీ బయటికొస్తాయి. ఈ ఊరు ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పిందంటే అక్కడి కుర్రాళ్లు నమ్మడం కష్టమే. అమీర్‌పేటలో నాంపల్లి వైపు మెట్రో ఎక్కి అసెంబ్లీ దగ్గర దిగితే, ఒకనాటి ఫతే మైదాన్, నేటి లాల్ బహదూర్ స్టేడియం దగ్గర్లోనే ఉంటుంది. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఒకనాటి భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మళ్లీ వినబడింది. ఆయన చుట్టూ, హైదరాబాద్ ఆట చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం అలాగే ఉన్నాయి.

అపోహ: ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే, హైదరాబాద్‌కు చోటు లేదు.

వాస్తవం: ఒకప్పుడు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా దానిదే. భారత జట్టు ఆటగాళ్లు నూర్ మహ్మద్, అజీజుద్దీన్ ఆ జట్టువాళ్లే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఇక్కడి మైదానాల్లో పెరిగి ఒలింపిక్స్ దాకా వెళ్లారు.

అపోహ: రహీం విదేశాల్లో శిక్షణ పొంది వచ్చిన కోచ్.

వాస్తవం: ఆయన బడిపంతులు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి చోట్ల పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. బలహీనమైన కాలితోనే ఆడాలని, బంతిని ఒక్క తాకుడుతోనే అందించాలని నిబంధనలు పెట్టి పిల్లలకు పోటీలు జరిపించారు. పొట్టి పాసుల హైదరాబాద్ ఆటకు పునాది ఆ బడి పద్ధతే.

అపోహ: హాఫ్‌బ్యాక్ పని గోల్‌కీపర్‌కు కాపలా కాయడమే.

వాస్తవం: పాత పద్ధతిలో ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు. ప్రత్యర్థి కాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కోవడమూ, దాన్ని ఫార్వర్డ్‌లకు చేర్చడమూ హాఫ్‌బ్యాక్‌ల బాధ్యతే. నలుగురు బ్యాక్‌ల కొత్త వ్యూహం తర్వాత వచ్చింది. నడిమి మైదానం మొత్తం ఇద్దరు హాఫ్‌బ్యాక్‌ల మీద పడింది. పరుగూ ఆలోచనా రెండూ ఉన్నవాడే అక్కడ నిలబడగలడు.

అపోహ: బూట్లు లేకనే 1950 ప్రపంచకప్‌కు మనవాళ్లు వెళ్లలేదు.

వాస్తవం: బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో భారత్‌కు అవకాశం వచ్చింది. సాధనకు సమయం చాలలేదనీ, జట్టు ఎంపికలో విభేదాలున్నాయనీ భారత ఫుట్‌బాల్ సమాఖ్య చెప్పింది. అప్పట్లో మనవాళ్ల దృష్టిలో ఒలింపిక్స్‌దే పెద్దపీట. ఇక 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది వట్టి కాళ్లతోనే దిగారు. యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడాకే బూట్లు తప్పనిసరయ్యాయి.

అపోహ: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో వరుస విజయాలతో నాలుగో స్థానం దక్కింది.

వాస్తవం: హంగరీ రాకపోవడంతో మొదటి రౌండ్ ఆడకుండానే దాటాం. గెలిచింది ఆస్ట్రేలియాపై 4–2తో ఒక్క మ్యాచే. సెమీస్‌లో యుగోస్లావియా, కాంస్య పోరులో బల్గేరియా ఓడించాయి. అయినా ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతకన్నా మెరుగైన స్థానం మనకు మళ్లీ రాలేదు.

అపోహ: తండ్రి కోచ్ కాబట్టే సయ్యద్ షాహిద్ హకీం పైకొచ్చారు.

వాస్తవం: రహీం కొడుకు హకీం మైదానం మధ్యలో ఆడే హాఫ్‌బ్యాక్. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నా ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2–1తో స్వర్ణం నెగ్గిన జట్టులో ఆయనకు చోటే లేదు. రెండుసార్లూ కోచ్ కన్నతండ్రే. ఆ స్వర్ణం తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. హకీం మాత్రం ఆటను వదల్లేదు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, సర్వీసెస్ జట్టుకు ఆడారు, ఫిఫా రిఫరీ అయ్యారు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పీకే బెనర్జీకి సహాయ కోచ్‌గా నిలిచారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకునేనాటికి ఆయన వయసు డెబ్బై దాటింది.